వీల్ స్పేసర్లు: బిగించే ముందు కొలవాల్సినవి, బిగించాక చూడాల్సినవి

రెండేళ్ల కిందట నల్లగొండలో మా అలైన్‌మెంట్ షాపుకు ఒక స్విఫ్ట్ వచ్చింది. 75 దాటితే స్టీరింగ్ వణుకుతోందని చెప్పారు. అప్పటికే వేరే చోట రెండుసార్లు బ్యాలెన్సింగ్ చేయించారట. "అన్నా, టైర్లు మార్చాల్నా?" అని అడిగాడు నడిపే కుర్రాడు. ముందు చక్రం విప్పి చూస్తే హబ్‌కూ (చక్రాన్ని బిగించే, బేరింగ్ మీద తిరిగే భాగం) రిమ్ముకూ మధ్య 10 మి.మీ. మందం ఉన్న అల్యూమినియం బిళ్ల, అంటే స్పేసర్, కనిపించింది. దాని మధ్య రంధ్రం హబ్ కంటే బాగా పెద్దది, చేత్తో కదిపితే అటూ ఇటూ జరుగుతోంది. నట్లు నాలుగూ ఐదారు చుట్లకే ఊడి చేతికొచ్చాయి. ఒక స్టడ్ (హబ్ నుంచి బయటికి వచ్చే, నట్టు ఎక్కే మరల కడ్డీ) మొదట్లో సన్నటి పగులు, అందులో తుప్పు రంగు. ముందు రోజే ఆ కారులో ఐదుగురు చెర్వుగట్టు జాతరకు వెళ్లి వచ్చారు.

ఆ పగులు చూసిన దగ్గర్నుంచి స్పేసర్ అన్న మాట వస్తే నేను వివరంగా చెప్పకుండా ఎవరినీ పంపడం లేదు. స్పేసర్ వేసుకోవద్దని అందరికీ చెప్పను. కానీ చక్రాన్ని కారుకు పట్టి ఉంచేది ఏమిటో తెలియకుండా మాత్రం వేసుకోకండి.

చక్రాన్ని పట్టి ఉంచేది ఏమిటి

చక్రం స్టడ్ల మీద వేలాడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి నట్టు బిగించినప్పుడు స్టడ్ కంటికి కనిపించనంత సాగుతుంది. సాగిన స్టడ్ వెనక్కి గుంజుతూ రిమ్మును హబ్‌కు గట్టిగా అదిమి పెడుతుంది. అలా అదిమిన రెండు ముఖాల మధ్య రాపిడే బండి బరువును, బ్రేకు దెబ్బను మోస్తుంది. ఆ అదుము తగ్గితే రిమ్ము సన్నగా కదలడం మొదలవుతుంది. అప్పుడు స్టడ్ ప్రతి చుట్టుకూ ఒకసారి అటూ ఇటూ వంగుతుంది. తీగను పదేపదే వంచితే తెగినట్టు అదీ తెగుతుంది.

రెండోది హబ్ మధ్యలో గుండ్రంగా ముందుకు వచ్చిన అంచు. రిమ్ము రంధ్రం దాని మీద సరిగ్గా కూర్చుంటే చక్రం నడిమధ్యలో నిలుస్తుంది. స్పేసర్ వేస్తే ఈ రెండూ మారిపోతాయి. ఒక్క అతుకు ఉన్న చోట రెండు అతుకులు వస్తాయి. హబ్ అంచు కొంత స్పేసర్ లోపలే మునిగిపోతుంది. స్టడ్ పొడవులో కొంత స్పేసర్ తినేస్తుంది. ఇక ముందు చెప్పబోయే పనులన్నీ ఈ మూడు నష్టాలను పూడ్చుకోవడం కోసమే.

ఎందుకు కావాలో ముందు తేల్చుకోండి

వెడల్పు టైరు వేస్తే లోపలి వైపు సస్పెన్షన్ రాడ్డుకు రాసుకుంటోంది, లేదా కొత్త రిమ్ము లోపల బ్రేక్ క్యాలిపర్‌కు తగులుతోంది. ఇవి సరైన కారణాలు. 3 నుంచి 5 మి.మీ. జరిపితే చాలాసార్లు పని అయిపోతుంది. బండి వెడల్పుగా, బలంగా కనిపించాలన్న కోరికతో వచ్చేవాళ్లే ఎక్కువ. వాళ్లకు నేను చెప్పేది ఒకటే: ఆ డబ్బుకు ఇంకొంత కలిపి తక్కువ ఆఫ్‌సెట్ ఉన్న రిమ్ములే కొనుక్కోండి. రిమ్ము వెనక ఈటీ45 లాంటి అచ్చు ఉంటుంది, అదే ఆఫ్‌సెట్: హబ్‌కు ఆనే ముఖం రిమ్ము నడిమి గీత నుంచి 45 మి.మీ. బయటి వైపుకు ఉందని అర్థం. దానికి 15 మి.మీ. స్పేసర్ వేస్తే ఈటీ30 రిమ్ము వేసినట్టే. మీ కారు పీసీడీకి (స్టడ్లు ఎన్ని, అవి నిలిచే వలయం వ్యాసం ఎంత అన్న కొలత), మధ్య రంధ్రానికి సరిపోయే ఈటీ30 రిమ్మే దొరికితే మధ్యలో అదనపు అతుకు ఎందుకు? అయితే చక్రం బయటికి జరగడం వల్ల వచ్చే ఇబ్బందులు రిమ్ముతోనూ వస్తాయి. అవి చూడండి.

నీళ్ల బిందెను నడుము మీద పెట్టుకుని నడిస్తే ఎంత దూరమైనా వెళ్తాం. అదే బిందెను చేయి చాచి పట్టుకుంటే నాలుగడుగులకే భుజం లాగేస్తుంది. బిందె బరువు పెరగలేదు, ఒంటికి దూరమైంది. వీల్ బేరింగ్ సంగతీ అంతే. ముందు చక్రం మీద 400 కిలోల బరువు ఉందనుకుంటే 15 మి.మీ. బయటికి జరిపినందుకు దాదాపు 59 న్యూటన్ మీటర్ల వంపు శక్తి కొత్తగా వచ్చి పడుతుంది, బండి నిలబడి ఉన్నా సరే. గుంతలో పడ్డప్పుడు అది కొన్ని రెట్లవుతుంది. 5 మి.మీ.కి తేడా తెలియకపోవచ్చు. 25 మి.మీ. వేస్తే మాత్రం బేరింగు, బాల్ జాయింట్లు త్వరగా అరుగుతాయని ముందే ఒప్పుకోవాలి.

స్టీరింగ్ సంగతి చాలామంది ఆలోచించరు. స్టీరింగ్ తిరిగే ఇరుసు గీత నేలను తాకే చోటుకూ టైరు మధ్య భాగానికీ ఉన్న దూరాన్ని కంపెనీ లెక్కగట్టి పెడుతుంది. స్పేసర్ ఆ దూరాన్ని మార్చేస్తుంది. సింగిల్ రోడ్డు మీద ఎదురుగా లారీ వస్తే ఎడమ చక్రాలను మట్టిలోకి దించుతాం కదా. అప్పుడు బ్రేకు వేస్తే కుడి చక్రాలకు తారు మీద పట్టు ఉంటుంది, ఎడమ వాటికి ఉండదు. చక్రం బయటికి జరిగిన బండిలో స్టీరింగ్ చేతిలోంచి తారు వైపుకు, అంటే లారీ వైపుకు, ఇదివరకటి కంటే గట్టిగా గుంజుతుంది. వడ్ల కాలంలో మిర్యాలగూడ వైపు పల్లె రోడ్ల మీద సగం రోడ్డు ధాన్యం ఆరబోసి అంచున రాళ్లు పెడతారు. ఆ రాయి మీదికి ఒక చక్రం ఎక్కినా అదే గుంజుడు.

మన రైతులు ట్రాక్టర్ వెనక చక్రాల డిస్కులను తిప్పి వేసి సాళ్లకు తగ్గట్టు చక్రాల వెడల్పు మార్చుకుంటారు. అలాంటప్పుడు కారుకు మాత్రం ఏమవుతుందని ఒక పెద్దాయన నన్ను అడిగారు. మంచి ప్రశ్న. ట్రాక్టర్ ఇరుసును ఆ మార్పు కోసమే చేస్తారు, దాని వేగం కూడా తక్కువ. కారు హబ్ ఒకే ఆఫ్‌సెట్‌ను దృష్టిలో పెట్టుకుని చేసింది, పైగా అది విజయవాడ హైవే మీద 100లో పోతుంది.

కొలతలు

కొనక ముందే ఒక చక్రం విప్పండి. హ్యాండ్ బ్రేక్ వేసి, ఎదుటి చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, గట్టి నేల మీదే జాక్ ఎత్తండి. నల్లరేగడి మట్టి మీద జాక్ దిగబడుతుంది, కింద చెక్క పలక వేయండి. వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) లేకపోతే దగ్గర్లోని లేత్ షాపులో అడగండి, కొలిచి ఇస్తారు.

ముందు హబ్ అంచు వ్యాసం. స్విఫ్ట్, బాలెనో, ఐ20 లాంటి వాటికి 54.1 మి.మీ. హోండా సిటీకి 56.1. రెండింటి పీసీడీ 4×100 కాబట్టి స్పేసర్ ఎక్కుతుంది, కానీ సిటీ స్పేసర్ స్విఫ్ట్ హబ్ మీద 2 మి.మీ. వదులుగా ఆడుతుంది. క్రెటాకు 67.1, ఇన్నోవా క్రిస్టాకు 60.1, పోలోకు 57.1. స్పేసర్ లోపలి రంధ్రం మీ హబ్ కొలతకు, బయటి అంచు మీ రిమ్ము రంధ్రానికి సరిపోవాలి. అల్లాయ్ వీల్స్ బయట కొన్నవైతే రిమ్ము రంధ్రం వేరుగా ఉండవచ్చు, దాన్నీ కొలవండి.

తర్వాత హబ్ అంచు ఎత్తు. ఉదాహరణకు 9 మి.మీ. ఉందనుకుందాం. సొంత అంచు లేని 5 మి.మీ. స్పేసర్ వేస్తే 4 మిగులుతుంది. అయితే రిమ్ము రంధ్రం మొదట్లో 2, 3 మి.మీ. ఏటవాలుగా చెక్కి ఉంటుంది, అక్కడ పట్టు ఉండదు. అంటే నిజంగా పట్టేది ఒకటి రెండు మిల్లీమీటర్లే. 8 మి.మీ. స్పేసర్ వేస్తే అసలు ఏమీ పట్టదు, చక్రాన్ని నడిమధ్యలో నిలపాల్సిన పని నట్ల మీదే పడుతుంది. మా షాపుకు వచ్చిన స్విఫ్ట్ వణుకుకు కారణం ఇదే. బ్యాలెన్సింగ్ మిషన్ మీద చక్రం నడిమధ్యలోనే కూర్చుంటుంది కాబట్టి అక్కడ సున్నా చూపిస్తుంది. బండికి ఎక్కించగానే పక్కకు జరిగి కూర్చుంటుంది. ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా డబ్బు పోవడమే.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, నట్టు చుట్లు. కనీసం స్టడ్ లావు ఎంతో అంత లోతు మరలు పట్టాలి. 12 మి.మీ. స్టడ్‌కు 12 మి.మీ. లోతు కావాలి. మారుతి కార్లలో మర దూరం, అంటే ఒక మర నుంచి పక్క మరకు దూరం, 1.25 మి.మీ., కాబట్టి దాదాపు 10 చుట్లు. హ్యుందాయ్, టయోటా, హోండాలకు 1.5 మి.మీ., కాబట్టి 8 చుట్లు. పోలోలో స్టడ్, నట్టుకు బదులు 14 మి.మీ. బోల్టు, మర దూరం 1.5, అంటే 9 నుంచి 10. స్పేసర్ లేకుండా నట్టును వేళ్లతో తిప్పుతూ లెక్కపెట్టండి. 1.25 మర మీద 5 మి.మీ. స్పేసర్ 4 చుట్లు తినేస్తుంది. 11 చుట్లు ఉన్న చోట 7 మిగిలితే పొడవు స్టడ్లు వేయించకుండా ఆ బండిని రోడ్డు మీదికి తేవద్దు. "టైటుగానే ఉంది కదా" అంటారు. ఆరు మరలు పట్టినా చేతికి టైటుగానే తెలుస్తుంది. బరువు పడ్డప్పుడే ఆ మరలు ఒలుచుకుపోతాయి.

చివరగా బయటి వైపు. దారానికి ఒక నట్టు కట్టి చక్రం పైన ఫెండర్ అంచు నుంచి వేలాడదీయండి. టైరుకూ దారానికీ మధ్య ఉన్న దూరం కంటే స్పేసర్ మందం ఎక్కువైతే టైరు బయటికి పొడుచుకొస్తుంది. కంకర, బురద తలుపుల మీదికి, వెనక వచ్చే బైకుల మీదికి చిమ్ముతుంది. ఈ కొలత కారు ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, ఐదుగురిని కూర్చోబెట్టి ఒకసారి తీయండి.

ఏది కొనాలి

పలుచటివి స్టడ్ల మీద తొడిగి, పైన రిమ్ము పెట్టి బిగించేవి. మందమైనవి, సాధారణంగా 20 మి.మీ. పైనవి, తమ సొంత స్టడ్లతో వస్తాయి. ముందు వాటిని హబ్‌కు బిగించి, వాటి మీద రిమ్మును బిగిస్తారు. మందం కావాల్సి వస్తే ఈ రెండో రకమే మేలు, ఎందుకంటే మరల లోతు తగ్గదు. కానీ కారు అసలు స్టడ్లు స్పేసర్ ముఖం దాటి బయటికి వస్తే రిమ్ము వెనక వాటికి గుంతలు ఉండాలి. లేకపోతే రిమ్ము స్టడ్ కొనల మీద నిలుస్తుంది, ముఖం మీద కూర్చోదు.

ఒకే బిళ్లకు పొడవాటి చీలికల్లాంటి రంధ్రాలు పెట్టి అన్ని కార్లకు సరిపోతుందని అమ్మేదాన్ని కొనకండి. పోత పోసినదీ వద్దు. 6061-టీ6 లేదా 7075-టీ6 రకం అల్యూమినియంతో కోసి చేసినదై, హబ్ కొలత దాని మీదే చెక్కి ఉండాలి. మందం చాలలేదని రెండు స్పేసర్లు ఒకదాని మీద ఒకటి పెట్టడం అసలే వద్దు. ముందు జతకు ఒక మందం, వెనక జతకు మరో మందం వేయవచ్చు, అయితే మలుపుల్లో బండి స్వభావం మారుతుంది. ఎడమకూ కుడికీ మాత్రం తేడా ఉండకూడదు.

నట్టు కూర్చునే ముఖం కూడా చూడండి. కొన్ని కంపెనీల రిమ్ములకు ఏటవాలు ముఖం, కొన్నిటికి గుండ్రం, కొన్నిటికి వాషరుతో చదునుగా ఉంటుంది. ఏటవాలు రంధ్రంలో గుండ్రం నట్టు బిగిస్తే సన్నటి గీత వెంబడి మాత్రమే తాకుతుంది, త్వరగా వదులవుతుంది.

బిగించడం

చక్రం విప్పాక హబ్ ముఖాన్ని తీగ బ్రష్షుతో మెరిసేదాకా గీకండి. ఈ పని మీద ఎంత సమయం పెట్టినా దండగ కాదు. మొదట్లో నేనొక బండికి తుప్పు పూర్తిగా తీయకుండా స్పేసర్ బిగించాను. 60 కిలోమీటర్ల తర్వాత తిరిగి చూస్తే నాలుగు నట్లూ పావు చుట్టు తీసుకున్నాయి. నలిగిన తుప్పు పొర అంత చోటు వదిలింది.

కొత్త కార్లలో స్టడ్లకు పలుచటి రేకు క్లిప్పులు ఉంటాయి. ఫ్యాక్టరీలో డిస్కు జారకుండా పెట్టినవి. వాటిని తీసేయకపోతే స్పేసర్ వాటి మీద ఎత్తుగా నిలుస్తుంది. డిస్కు లేదా డ్రమ్ము స్క్రూ తల బయటికి ఉందేమో కూడా చూడండి. స్పేసర్ పెట్టి వేలితో నాలుగు వైపులా నొక్కండి. ఎక్కడా ఊగకూడదు, టక్ అనకూడదు.

మరలకు నూనె, గ్రీజు పూయకండి. నూనె ఉంటే అదే టార్క్ (నట్టును తిప్పే బలం) దగ్గర స్టడ్ అవసరానికి మించి సాగుతుంది. రెండు ముఖాల మధ్య కూడా ఏమీ వద్దు. నట్లన్నీ వేళ్లతోనే పూర్తిగా తిప్పి పెట్టి, ఆ తర్వాత ఎదురెదురుగా ఉన్నవాటిని వరసగా, రెండు మూడు విడతల్లో బిగించండి. చివరి విడత టార్క్ రెంచితోనే. మీ కారు పుస్తకంలో అంకె ఉంటుంది, చిన్న కార్లకు సాధారణంగా 85 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య. సొంత స్టడ్లున్న స్పేసర్ అయితే రెండుసార్లు బిగింపు: హబ్‌కు స్పేసర్‌ను, స్పేసర్‌కు రిమ్మును. లోపలి నట్లను చూడటానికి మళ్లీ చక్రం విప్పాల్సిందే.

ఎయిర్ గన్‌తో ముగించనివ్వకండి. పానా మీద కాలు పెట్టి తొక్కడం కూడా అంతే తప్పు. 70 కిలోల మనిషి 30 సెం.మీ. పానా మీద నిలబడితే 200 న్యూటన్ మీటర్లు దాటుతుంది. మీటరు పైపు తగిలించి నిలబడితే దాదాపు 690. అంత సాగిన స్టడ్ మళ్లీ వెనక్కి గుంజలేదు.

పొడవు స్టడ్లు వేయాల్సి వస్తే హబ్ విప్పి ప్రెస్సు మీద వేయించండి. సుత్తితో కొట్టి దింపితే దెబ్బ బేరింగుకు తగులుతుంది. స్టడ్ వెనక హబ్‌లో బిగుసుకునే గళ్ల భాగం వ్యాసం పాత స్టడ్‌తో సమానంగా ఉండాలి, లేకపోతే నట్టు తిప్పితే స్టడ్ కూడా తిరుగుతుంది.

బిగించాక ప్రతి నట్టు నుంచి రిమ్ము మీదికి నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీయండి. గీత విడిపోతే నట్టు కదిలినట్టు.

మొదటి వంద కిలోమీటర్లు

స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి ఎక్కడైనా రాసుకుంటోందేమో వినండి. తర్వాత నిండు బరువుతో స్పీడ్ బ్రేకర్ మీద నెమ్మదిగా ఎక్కించి దించండి. ఆపైన నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి దాకా వెళ్లి రండి, 40 కిలోమీటర్లు దాటుతుంది. 70, 90 మధ్య వణుకు వస్తే బ్యాలెన్సింగ్ షాపుకు వెళ్లొద్దు, స్పేసర్ విప్పి కొలతలు మళ్లీ చూడండి.

50 నుంచి 100 కిలోమీటర్ల లోపు బండి పూర్తిగా చల్లారాక టార్క్ మళ్లీ చూడాలి. వేడి మీద చూడకండి. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది, కాబట్టి వేడిలో బిగింపు ఉన్నదానికంటే ఎక్కువ చూపుతుంది. మన ఎండాకాలంలో, అందులోనూ మన్ననూర్ దాటి శ్రీశైలం ఘాట్ దిగి వచ్చాక, బ్రేకుల వేడి హబ్‌కు చేరి చాలాసేపు ఉంటుంది. అలాంటి ప్రయాణం చేస్తే మర్నాడు ఉదయం గీతలు చూసుకోండి. ఆ తర్వాత నెలకొకసారి, చక్రం విప్పిన ప్రతిసారీ.

ఏ లక్షణం కనిపిస్తే ఆగాలి

నెమ్మదిగా పోతున్నప్పుడు చక్రం దగ్గర టిక్ టిక్ చప్పుడు. నట్టు రంధ్రాల నుంచి బయటికి పారినట్టు తుప్పు చార. వేగంతో పాటు పెరిగి, మలుపులో మారే గుయ్యిమనే శబ్దం, ఇది బేరింగ్‌ది. మొదటి రెండింటిలో ఏది ఉన్నా గట్టిగా బ్రేకు వేయకుండా వేగం తగ్గించి, రోడ్డు పూర్తిగా దిగి ఆగండి. నట్లు బిగించి బయల్దేరిపోకండి. ఒక స్టడ్ తెగి ఉంటే దాని బరువు మిగతావి మోశాయి, వాటిలోనూ పగుళ్లు ఉండవచ్చు. ఆ హబ్ స్టడ్లన్నీ మార్చాలి. ఆ స్విఫ్ట్‌కు రెండు ముందు హబ్‌ల స్టడ్లు ఎనిమిదీ మార్చాం.

చట్టం, బీమా

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదంటుంది. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి, జవాబు దాచుకోండి. వారంటీలో ఉన్న కారైతే బేరింగు, సస్పెన్షన్ క్లెయిములు తిరస్కరించే అవకాశం ఉందని లెక్కలో పెట్టుకోండి.

పంక్చర్ అయితే

దీన్ని ఎవరూ ముందుగా ఆలోచించరు. సొంత స్టడ్లున్న మందపు స్పేసర్ మీద ఇనుప స్టెప్నీ కూర్చుంటుందో లేదో ఇంటి దగ్గరే పెట్టి చూడండి. అల్లాయ్‌కు ఉన్న గుంతలు దానికి ఉండకపోవచ్చు. పోలో లాంటి బోల్టు కార్లలో ప్రమాదం ఇంకా ఎక్కువ. స్పేసర్ తీసేసి, దాని కోసం కొన్న పొడవు బోల్టులతోనే స్టెప్నీ బిగిస్తే బోల్టు కొన లోపలికి పొడుచుకెళ్లి బ్రేకు భాగాలకు తగులుతుంది. కాబట్టి అసలు బోల్టులు లేదా నట్లు, స్పేసర్ విప్పడానికి తగిన సాకెట్, టార్క్ అంకె రాసిన కాగితం ఒక సంచిలో పెట్టి స్టెప్నీ పక్కనే ఉంచండి. రాత్రిపూట జడ్చర్ల దగ్గరో కొత్తకోట దగ్గరో పంక్చర్ వేసే మనిషికి మీ చక్రం వెనక ఏముందో తెలియదు. విప్పక ముందే చెప్పండి, గన్ వాడనివ్వకండి.

కారు ఇంట్లో వేరేవాళ్లు కూడా నడుపుతుంటే వాళ్లకూ ఇదంతా చూపించండి. అమ్మేటప్పుడు స్పేసర్లు తీసేసి, అసలు నట్లు వేసి, స్టడ్లను ఒక్కొక్కటిగా తుడిచి పగుళ్లు వెతికి, బేరింగు ఊగుతోందేమో చక్రాన్ని పైనా కిందా పట్టి కదిపి చూసి, అప్పుడు కొనేవాళ్లకు తాళం ఇవ్వండి.